తూనీగ కోసం ఆగిన విమానం

నెమలిని కంటితో చూడకముందే నాకు నెమలి నడక వచ్చు. మెడ నిక్కించి, గడ్డం కాస్త పైకెత్తి, రెండు వేళ్ళతో లేని స్కార్ఫు సర్దుకుంటూ, "చూడండీ, మా విమానం ఎవరి కోసమూ ఆగదండీ" అని సాగదీస్తూ గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడిచేదాన్ని. అక్క మంచం మీద బోర్లా పడి, దిండు నోట్లో కుక్కుకుని నవ్వేది. అవతలి గదిలోంచి అమ్మ, మళ్ళీ మొదలెట్టారా ఇద్దరూ అని కేకేసేది. దాంతో ఇంకా నవ్వొచ్చేది.

నెమలి అంటే విమానాశ్రయంలో అక్క పక్క కౌంటర్లో కూర్చునే అమ్మాయి. పెద్ద కంపెనీ మనిషి. వాళ్ళకు నీలం కోటు, ఆకుపచ్చ స్కార్ఫు. అందుకని అక్క ఆ పేరు పెట్టింది. అక్కది చిన్న కంపెనీ. పెద్ద కంపెనీ విమానం రోజుకొక్కసారి వచ్చి నగరానికి పోయేది. చిన్న కంపెనీవి రెక్కలకు పంకాలు తిరిగే బుల్లి విమానాలు. కొండల్లో ఊళ్ళ నుంచి జనాన్ని తెచ్చి మా దగ్గర దించేవి. వాటిని మేం తూనీగలనేవాళ్ళం.

రెండు కౌంటర్లకూ మధ్య జానెడు ఖాళీ కూడా లేదు. అయినా రెండేళ్ళుగా ఆ ఇద్దరికీ పలకరింపుల్లేవు. ఒకే ఇంట్లో పొయ్యిలు వేరు పెట్టుకున్న తోడికోడళ్ళలా ఎడమొహం పెడమొహంగా కూర్చునేవాళ్ళు. కంపెనీలకే పడదు మరి. తూనీగ వచ్చి నేల మీద వాలే వేళకు సరిగ్గా పెద్ద విమానం తోక గాల్లోకి లేచేది. కావాలనే అలా పెట్టారని అక్క అనేది. నగరానికి పోవలసిన వాళ్ళు తమ సంచులు తాము మోసుకుని బయటికొచ్చి, పక్క కౌంటరు ముందు మళ్ళీ వరసలో నిలబడి, మర్నాటి విమానం దాకా హాల్లో బెంచీల మీద పడి ఉండేవాళ్ళు. ఒక్క నిమిషం ఆపితే ఏం పోయిందమ్మా అని నెమలిని బతిమాలేవాళ్ళు. నెమలి స్కార్ఫు సర్దుకునేది. సాయంత్రం అక్క ఇంటికొచ్చి ఇవన్నీ చెప్పేది, నేను చేసి చూపించేదాన్ని.

బయట నాకు నోరు పెగలదు. ఊరి బడిలో హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యెత్తడమే తప్ప పలికింది లేదు. అక్క ఉద్యోగం కోసం ఊరు వదిలి, విమానాశ్రయం గోడ వెనక వీధిలో అద్దెకు దిగాక, బయటికి పోవలసిన పనే తగ్గిపోయింది. పొద్దంతా పోగుపడిన మాటలన్నీ సాయంత్రం అక్క దగ్గరే ఖర్చు పెట్టుకునేదాన్ని. అక్క నన్ను ఉడతా అని పిలిచేది. ఇంకెవరూ అలా పిలవరు. ఆ పేరూ, నెమలి నడకా మా ఇద్దరి ఆస్తి.

పోయిన వానాకాలం మొదట్లో రెండు కంపెనీలూ రాజీకొచ్చాయి.

ఆ కబురు అక్క టీ తాగుతూ చెప్పింది. ఇక మీదట కొండల్లో ఊరి నుంచి నగరం దాకా ఒకటే టికెట్టు. తూనీగలో ఎక్కించిన సంచిని ఎవరూ మోసుకోనక్కర్లేదు, దానంతటదే పెద్ద విమానంలోకి చేరుతుంది. పెద్ద విమానం వేళ వెనక్కి జరుపుతారు, తూనీగ ఆలస్యమైతే పావుగంట ఆగుతుంది కూడా. రెండు కౌంటర్లు తీసేసి ఒకటే కౌంటరు పెడతారు. ఈ వానాకాలమంతా నడిపి చూసి, బాగుంటే అలాగే ఉంచుతారు.

"బాగానే ఉంది కదే, ఏడుపు మొహం ఎందుకు?" అంది అమ్మ.

"ఒక కౌంటరుకు ఒక ఇన్‌ఛార్జి చాలమ్మా. రెండో మనిషిని ఇంకో ఊరికి పంపేస్తారు."

నాన్న కుట్టు మిషను ఆపాడు. నాన్న దర్జీ. కోట్లు, ప్యాంట్లు సరిచేయించుకోవడానికి విమానాశ్రయం వాళ్ళు మా ఇల్లు వెతుక్కుంటూ రావడం అప్పుడప్పుడే మొదలైంది. "అంటే నువ్వో, ఆ నెమలో తేలాలన్నమాట" అని మళ్ళీ మిషను తొక్కాడు. అమ్మ గ్లాసులు అవసరమైన దానికంటే గట్టిగా కింద పెట్టింది. ఊరి నుంచి ఆ మిషను మోసుకొచ్చినప్పుడు పట్టేసిన నాన్న నడుము ఇప్పటికీ సరిగా వంగదు.

నాకూ భయమేసింది, కాదనను. కానీ దానికింద ఒక కులాసా కూడా ఉంది. పక్కపక్క బల్లల మీదే పాము ముంగిసల్లా ఉన్నవాళ్ళు, ఇప్పుడు ఒకే బల్ల మీద, ఒకే ఉద్యోగం కోసం. ఇక సాయంత్రాలు కథలకు కరువుండదనుకున్నాను.

కథలు వచ్చాయి. కానీ వాటి తోకలు మారిపోయాయి.

మొదటి వారంలోనే అక్క ఒకటి చెప్పింది. కొండల నుంచి వచ్చిన ఒక ముసలాయన సంచిని ఒళ్ళో పెట్టుకుని వదలనంటాడట. ఆ కంపెనీ వాడి సంచి ఈ కంపెనీ వాడు ఎందుకు మోస్తాడమ్మా, నన్ను పిచ్చివాణ్ణి చేస్తున్నారా అని ఒకటే గొడవ. నెమలి వెళ్ళి ఆయన ముందు గొంతుక్కూర్చుని, "నిన్నటి దాకా శత్రువులం, నిజమే తాతా. ఇప్పుడు వియ్యంకులమయ్యాం. సంచి మొయ్యకపోతే మాకే మాటొస్తుంది" అందట. ముసలాయన నవ్వి సంచి ఇచ్చేశాడట.

అక్క ఇది చెబుతూ తనలో తనే నవ్వుకుంది. నేను వెంటనే లేచి మెడ నిక్కించి నడక మొదలుపెట్టాను. నాలుగడుగులు వేశానో లేదో అక్క అంది:

"అలా నడవదే. ఆమెకు ఎడమ మడమ నొప్పి."

గది నడిమధ్యలో ఆగిపోయాను. అటు గోడ దగ్గరికి పోవాలో, వెనక్కి రావాలో తెలియలేదు.

తర్వాత కొత్త కోట్లు వచ్చాయి. రాజీకి గుర్తుగా కోటు పెద్ద కంపెనీ నీలం, స్కార్ఫు చిన్న కంపెనీ పసుపు. అన్నీ ఒకే కొలత. ఎవరికీ సరిపోలేదు. అక్క వెంట నెమలి మా ఇంటికొచ్చింది.

గుమ్మంలో ఆమెను చూసి, వేరే ఎవరో అనుకున్నాను. నా నెమలి పొడుగు. ఈమె అక్క భుజం దాకా ఉంటుంది, అంతే. నా నెమలిది సన్నటి సాగదీసే గొంతు, ఈమెది జలుబు చేసినట్టు బొంగురు గొంతు. నిజంగానే ఎడమ మడమ నేలకు ఆనించీ ఆనించకుండా నడుస్తుంది. చెప్పులు విప్పి, తిన్నగా గదిలోకొచ్చి, మంచం మీద నేను కూర్చునే మూల కూర్చుంది. ఆ మూల నాదని ఆమెకేం తెలుసు? అక్కకు తెలుసు కదా.

నాన్న టేపు పట్టుకుని, రెండు కంపెనీలూ కలిసి ఒక కోటు సరిగ్గా కుట్టించలేకపోయాయి, ఇక విమానాలేం నడుపుతారమ్మా అన్నాడు. ఆమె చేతులు చాపి నిలబడి, అందుకే కదా బాబాయ్ గారూ మీ దాకా వచ్చింది అంది. నాన్న అంతగా నవ్వడం నేను ఈ ఊరొచ్చాక చూడలేదు. అమ్మను వచ్చినప్పుడు ఆంటీ అంది. టీ గ్లాసు అందుకునేసరికి పిన్నిగారూ అయింది. గ్లాసు కింద పెట్టేసరికి ఉత్త పిన్ని. ఆ గ్లాసును కూడా చల్లారిపోయేదాకా ఊదీ ఊదీ, తీరా నోట్లో పోసుకుని, అయ్యో చల్లారిపోయిందే పిన్నీ అంటుంది. అమ్మ మళ్ళీ వేడి చేసి తెచ్చింది. నేనెప్పుడైనా అలా అడిగితే, నీ చేతులేమయ్యాయే అనేది.

ఇవన్నీ భరించాను. వెళ్ళబోతూ ఆమె నా వైపు తిరిగింది.

"నన్ను నువ్వు భలే చేస్తావటగా?"

అక్క వైపు చూశాను. అక్క గోళ్ళు చూసుకుంటోంది.

"ఏదీ, ఒక్కసారి చేసి చూపించు. వెక్కిరించినా ఏమనుకోనులే. చెయ్యవూ ఉడతా?"

అక్క మా ఆటను ఆమెకు చెప్పేసింది. పేరు కూడా చెప్పేసింది. నేను వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. గదిలోంచి ఆమె మాట వినిపించింది: "సిగ్గేమో పాపం." అక్క ఏదో అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

నెమలి ఊరికి అవతలి చివర ఒక గదిలో మరో ముగ్గురితో ఉండేది. పొద్దున్నే డ్యూటీ పడిన రోజుల్లో అంత దూరం నుంచి రావడం కష్టమని ముందు సాయంత్రమే మా ఇంటికొచ్చేది. మంచం మీద అక్క పక్క చోటు ఆమెది. నా చాప నాన్న మిషను పక్కన, గుడ్డపేలికల మధ్య. వద్దన్నానా అంటే అనలేదు. అక్క అడిగితే తలూపాను. తలూపడం నాకు అలవాటు. మూసిన తలుపు వెనక నుంచి దిండులోకి నవ్వుతున్న చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

కళ్ళల్లో నిప్పులు పోసుకున్నారంటారే, అలా చూసేదాన్ని ఆమెను. నిప్పులు పోసుకున్న కళ్ళకు ఇంకాస్త బాగా కనిపిస్తుందనుకుంటా. ఆమెకు సంబంధించి నేను చూడనిది లేదు. రాసుకున్న పెన్ను జుట్టులో గుచ్చుకుని, మరుక్షణం దానికోసం బల్లంతా వెతుకుతుంది. చెప్పాల్సింది చెప్పడం అయ్యాక, అవతలివాళ్ళు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, "అదీ సంగతి" అని ముగిస్తుంది. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ కళ్ళలోకి కాక చేతుల్లోకి చూస్తుంది. తూనీగ మోత వినబడితే ఎక్కడున్నా సరే తల ఎడమవైపుకు వాలుతుంది. తప్పు దొరుకుతుందనే చూశాను. దొరికినవన్నీ ఇలాంటివే. ఇవి తప్పులని ఎవరితో చెప్పను? చెప్పుకునే మనిషి ఆమె పక్కనే కూర్చుని ఉంది.

గొడుగు మరిచిపోయావనీ, డబ్బా మరిచిపోయావనీ అక్కకు వంకలు పెట్టి విమానాశ్రయం హాలుకు పోవడం మొదలుపెట్టాను. చివరి బెంచీ, స్తంభం చాటున. అక్కడి నుంచి అద్దాల వెనక కొత్త కౌంటరు కనిపించేది. కొండల నుంచి ఫోను రాగానే అక్క వేలెత్తేది. తూనీగ బయల్దేరిందని అర్థం. నెమలి మారు మాట్లాడకుండా పెద్ద విమానం వైపు పోయేది. రెండేళ్ళు పక్కన కూర్చుని ఒక్క మాట అనుకోని వాళ్ళకు ఇప్పుడు మాటే అక్కర్లేకుండా పోయింది. బెంచీల మీద నిద్రపోయే జనం తగ్గిపోయారు. హాలు ఊడ్చే ఆమె, ఇప్పుడు చీపురు తిరగడానికి చోటుందమ్మా అని నాతో అంది. నేను తలూపాను.

నాకు ఇంకా ఒక ఆశ ఉంది. పెద్ద విమానం ఆలస్యంగా కదిలిన ప్రతిసారీ ఆ తప్పు ఏ కంపెనీ పద్దులో వేయాలో రాయాలి. తూనీగ గురించి తప్పు కబురు అందితే చిన్న కంపెనీ పద్దు, అంటే అక్క మీదికి. పావుగంట గడువు దాటాక కూడా ఆపి ఉంచితే పెద్ద కంపెనీ పద్దు, అంటే నెమలి మీదికి. వానాకాలం చివర ఈ పద్దులు చూసి, ఇద్దరిలో ఎవరుండాలో తేలుస్తారట. అక్క ఇది నాన్నతో చెబుతుంటే విన్నాను. ఎవరి పేరు చెడాలన్న దగ్గరికొచ్చేసరికి ఎంతటి స్నేహమైనా పీట కాలు విరిగినట్టు విరుగుతుందని అమ్మ అంటుంది. విరిగేదాకా కాచుకుని కూర్చోవచ్చనుకున్నాను.

వానలు బాగా ముదిరిన రోజు ఒకటి వచ్చింది. మధ్యాహ్నమే దీపాలు వేశారు. నేను గొడుగు వంకతో వెళ్ళి నా బెంచీ మీద కూర్చున్నాను. పెద్ద విమానంలో జనం ఎక్కి కూర్చున్నారు. తూనీగ రాలేదు. కొండల మీద మబ్బు దిగిందట, చుట్టు తిరిగి వస్తోందట. పావుగంట గడిచింది. అక్క ఫోను చెవి దగ్గర నుంచి తీయడం లేదు. నెమలి అద్దం దగ్గర నిలబడి బయటికి చూస్తోంది. పెద్ద విమానం నుంచి ఒకాయన వానలో తడుస్తూ వచ్చి ఏదో అడిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. కాసేపటికి మళ్ళీ వచ్చాడు, ఈసారి చేతులు తిప్పుతూ. ఆమె అతని చేతుల్లోకే చూస్తూ మళ్ళీ అలాగే ఊపింది.

ఎవరి కోసమూ ఆగదండీ అని నేను నడిచిన నడకంతా గుర్తొచ్చింది.

ఆమె తల ఎడమవైపుకు వాలింది. ఆ తర్వాతే నాకు తూనీగ మోత వినిపించింది.

దిగిన వాళ్ళు తలల మీద అట్టలు పెట్టుకుని నీళ్ళలో పరుగెత్తారు. కంటికి కట్టు కట్టిన చంటిదాన్ని ఎత్తుకుని ఒకావిడ అందరికంటే వెనక. నెమలి ఆ నొప్పి మడమతోనే ఎదురు పరుగెత్తి గొడుగు పట్టింది. పెద్ద విమానం తలుపు మూసుకుంది, కదిలింది, మబ్బులో కలిసిపోయింది.

అప్పుడు కౌంటర్లో గొడవ మొదలైంది.

అద్దాల అవతల మాట వినిపించదు, కనిపిస్తుంది. అక్క మొహం ఎర్రగా ఉంది. నెమలి బల్ల మీద అరచేత్తో చరిచింది. అక్క కాగితం లాక్కుంది, నెమలి దాని కొస పట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. నా గుండె తేలికైపోయింది. ఎన్ని రోజుల తర్వాతో. ఇవాళ సాయంత్రం అక్క ఒక్కతే ఇంటికొస్తుంది, గొడుగు మూలన పడేసి, ఆ నెమలి ఏం చేసిందో తెలుసా ఉడతా అంటుంది. నేను లేచి, స్తంభం దాటి, తెరిచి ఉన్న అద్దం తలుపులోంచి మాట వినిపించేంత దగ్గరికి పోయాను.

"తప్పు కబురిచ్చానని రాసేస్తే అయిపోతుంది" అంటోంది అక్క. "నా పద్దులో వెయ్యనీ."

"నువ్వు ఉన్నదున్నట్టే చెప్పావు. తెలిసే ఆపాను. నా పద్దు."

"నిన్ను పంపించేస్తారు."

"మొన్న రెండుసార్లు నాకు చెప్పకుండా నీ మీద రాసుకున్నావే, అప్పుడు నిన్ను పంపించరా? నేను చూడలేదనుకున్నావా?" నెమలి పెన్ను కోసం బల్లంతా తడిమింది, జుట్టులోంచి తీసింది. "నాకేముంది చెప్పు, ఒక సూట్‌కేసు. ఎక్కడ దింపితే అక్కడ ఉంటాను. మీరు వెళ్ళాలంటే బాబాయ్ గారు ఆ మిషను మళ్ళీ మొయ్యాలి. ఆయన నడుం చూశావా?"

అక్క కాగితం వదిలేసింది. నెమలి రాసింది.

"అదీ సంగతి."

మా నాన్న నడుము. నాన్న మిషను. నేను ఎన్నో వారాలుగా అక్క పక్కన ఎవరు పడుకుంటున్నారన్నదే తప్ప, మా ఇల్లు ఎక్కడుంటుందన్నది ఆలోచించనే లేదు. అది కూడా ఆమే ఆలోచించింది. ఆమెకు చేతులెత్తి మొక్కాలి. నాకేమో అంతకు ముందెప్పుడూ లేనంత మండింది. మా వాళ్ళ మీద ప్రేమ చూపించడంలో కూడా నాకంటే ఒక అడుగు ముందే ఉండాలా?

అక్క తల తిప్పి నన్ను చూసింది. "ఎప్పుడొచ్చావే?"

"ఇప్పుడే" అన్నాను. గొడుగు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

వానలు తెరిపిచ్చాక కంపెనీల వాళ్ళు వచ్చి చూసుకున్నారు. కలిసి నడపడం బాగుంది, ఇలాగే ఉంచుతామన్నారు. కౌంటరు అక్కకు ఇచ్చారు. నాన్న గుమ్మం మీద దర్జీ బోర్డు రాయించాడు. నెమలిని మా దగ్గర నుంచి ఏ విమానమూ నేరుగా పోని ఊరికి వేశారు. అక్కడికి చేరాలంటే మూడు విమానాలు మారాలట, మూడూ మూడు కంపెనీలవట, ఒకరి కోసం ఒకరు ఆగరట. ఈ మాట ఆమే చెప్పి, ఆమే బొంగురుగా నవ్వింది.

వెళ్ళే రోజు పొద్దున సూట్‌కేసుతో మా ఇంటికొచ్చింది. పసుపు స్కార్ఫు ఇక్కడి కౌంటరుదని తిరిగిచ్చేసింది, మెడ బోసిగా ఉంది. నాన్న సరిచేసిన కోటు మాత్రం వేసుకుంది. అమ్మ దారిలో తినమని ఏవో పొట్లాలు కట్టింది. అక్క లోపల దేనికోసమో వెతుకుతున్నట్టు అల్మారా తలుపు తీస్తూ మూస్తూ ఉంది. గుమ్మంలో నేనూ ఆమే మిగిలాం.

"పోనీ ఇప్పుడైనా చెయ్యి ఉడతా. వెళ్ళిపోతున్నాగా. నేనెలా ఉంటానో నాకూ తెలియాలి కదా."

నిజంగా అడిగింది. వెటకారం లేదు. నా చేతుల్లోకి చూస్తోంది.

"నాకు రాదు" అన్నాను.

అన్ని వారాల్లో ఆమెతో నేనన్న మొదటి మాట అదే.

"వచ్చులే" అని నవ్వి, సూట్‌కేసు ఎత్తుకుంది. వీధి మలుపు దాకా ఎడమ మడమ ఆనించీ ఆనించకుండా నడిచి వెళ్ళింది.

నా మూల నాకు తిరిగొచ్చింది. చాప చుట్టి అటక మీద పెట్టాను. అక్క ఇన్‌ఛార్జి అయింది కదా, బోలెడు కథలుంటాయనుకున్నాను. ఏమయిందే ఇవాళ అంటే, ఏముంటుందే, వచ్చినవి వచ్చాయి, పోయినవి పోయాయి అనేది. గోడవైపు తిరిగి పడుకునేది. నేను నెమలి పాత నడక ఒకసారి ప్రయత్నించాను, మెడ నిక్కించి, గడ్డం ఎత్తి. వద్దులేవే అంది, కోపం లేకుండా. నా అక్క నాకు దక్కింది. మంచం మీద ఆ పక్క ఖాళీగానే ఉంది.

ఒక సాయంత్రం గాలి చల్లగా వీస్తుంటే తూనీగ ఒకటి ఇంటి మీదుగా పోయింది. అక్క కిటికీ వైపు చూసింది. అక్క తల ఎడమవైపుకు వాలింది.

నేను లేచాను. ఈసారి నడవలేదు. మంచం మూలన కూర్చుని ఎడమ మడమ కొంచెం పైకెత్తి పెట్టుకున్నాను. నాన్న గుడ్డ మీద గీతలు గీసే పెన్సిలు జుట్టులో గుచ్చుకున్నాను. పక్కంతా తడిమాను, దిండు ఎత్తి చూశాను, అక్క కొంగు కింద కూడా వెతికాను. అక్క చేతుల్లోకి చూస్తూ, గొంతు బొంగురు చేసి, "ఏం చెయ్యమంటావ్ చెప్పు. మూడు కంపెనీలు, ముగ్గురూ మొండివాళ్ళే. ఒక్కడికీ వియ్యంకుడు దొరకలేదు. అదీ సంగతి" అన్నాను.

అక్క కదల్లేదు. నవ్వలేదు కూడా. నా మొహం మీదే చూపు పెట్టింది, కానీ చూస్తోంది నన్ను కాదు. ఆ సంగతి నాకు తెలుస్తూనే ఉంది.

వంటింట్లోంచి అమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. చేతుల్లో మూడు గ్లాసులు.

"ఎప్పుడొచ్చావే అమ్మాయ్, చెప్పా పెట్టకుండా…" అంటూ గుమ్మంలోనే ఆగిపోయింది. గదిలో ఉన్నది మేమిద్దరమే.

అమ్మ ఒకసారి నా వైపు, ఒకసారి జుట్టులోని పెన్సిలు వైపు చూసింది. గ్లాసులు మంచం మీద పెట్టి, పక్కన కూర్చుంది. "ఉడతా, మళ్ళీ చెయ్యి" అంది అక్క.

మళ్ళీ చెయ్యడమంటే మళ్ళీ ఆమెను తెచ్చి మా మధ్య కూర్చోబెట్టడమే. తెలిసే గ్లాసు తీసుకున్నాను. ఊదాను. అక్క కాచుకుని చూస్తోంది, అమ్మ కాచుకుని చూస్తోంది. తొందరేం లేనట్టు, చల్లారేదాకా, ఆవిరి పూర్తిగా పోయేదాకా ఊదాను. అప్పుడు ఒక్క గుక్క తాగి మొహం ముడిచాను.

"అయ్యో, చల్లారిపోయిందే పిన్నీ."

అక్క దిండు అందుకుంది.